మన ఖాతాలో ఎంత ఉన్నది?



మొన్న ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత సంఘములోని కుటుంబములను కాసేపు కూర్చోబెట్టి, తలా ఒక చిన్న కాగితపు ముక్క ఇచ్చాము. "ఫోను తీయకుండా, ఎవరినీ అడగకుండా, ఈ నిమిషమున మీ బ్యాంకు ఖాతాలో ఎంత ఉన్నదో వ్రాయండి" అన్నాము. ఆ కాగితములు మాకు ఇవ్వనక్కరలేదనీ, ఎవరివి వారే ఉంచుకొనవచ్చుననీ చెప్పాము. కొందరు వెంటనే వ్రాశారు. కొందరు పెన్ను నోట్లో పెట్టుకొని పైకప్పు వైపు చూశారు. అందరూ వ్రాసిన తరువాత ఇప్పుడు ఫోనులు తీసి చూసుకొమ్మన్నాము. అప్పుడు వినబడిన నవ్వులు, నిట్టూర్పులు చాలు, సంగతి అర్థము కావడానికి. ఒక యౌవనస్థుడు 4,000 అని వ్రాసుకొన్నాడు. ఖాతాలో ఉన్నది 1,300. అతని భార్య ఆ కాగితము లాక్కొని చదివి, మా యెదుట ఏమీ అనలేక ఊరుకొన్నది.

వెనుక చాప మీద కూర్చున్న ఒక పెద్దామె మాత్రము చెయ్యి ఎత్తినది. "నాకు ఫోనూ లేదు, కాగితమూ వద్దు అయ్యగారూ. నా దగ్గర 176 రూపాయలున్నాయి" అన్నది. రొంటిన దోపుకొన్న గుడ్డసంచి తీసి పక్కనున్న పిల్లచేత లెక్కపెట్టించినది. సరిగ్గా 176. అందరూ నవ్వారు. మాకు మాత్రము నవ్వు రాలేదు. అంతకు ముందు కొంతకాలము క్రిందట మా చేతికి వచ్చిన ఒక పాస్‌బుక్కు గుర్తుకు వచ్చినది. ఆ సంగతి తరువాత వ్రాస్తాము.

మన ఇండ్లలో ఒకప్పుడు డబ్బు ఉండే చోట్లు అందరికీ తెలిసినవే. మగవాని చొక్కాజేబు, స్త్రీ కొంగుముడి, పోపుల డబ్బాలో జీలకర్ర క్రింద మడిచిపెట్టిన నోటు, ట్రంకుపెట్టెలో పరచిన పాత పేపరు అడుగున దాచిన మిరప డబ్బు. జేబులో చెయ్యి పెట్టినప్పుడల్లా ఎంత మిగిలినదో ఆ చెయ్యే చెప్పేది. వంద నోటు మార్చితే ఇక నిలువదని ఎరిగి, టీ మానుకొని ఇంటికి నడిచినవారము మనలో ఎందరు లేము! నోటు పలుచబడడము కంటికి కనబడేది. కిరాణా కొట్టులో అరువు పెట్టినా పద్దు పుస్తకములో వరుస పెరగడము కనబడేది.

బ్యాంకు కూడ అలాగే ఉండేది. మన కృష్ణాజిల్లా బందరులో 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆంధ్రాబ్యాంకు పాస్‌బుక్కు ఎన్ని ఇండ్లలో బైబిలు ప్రక్కన భద్రముగా ఉండేదో మేము చూచినవారము. (2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయినది. మా పెద్దవారు ఇప్పటికీ "ఆంధ్రాబ్యాంకుకు వెళ్తున్నాను" అనే అంటారు.) డబ్బు తీయాలంటే ఫారము నింపి, అంకెలలోను అక్షరములలోను వ్రాసి, వరుసలో నిలబడవలసినదే. బయటకు వచ్చేటప్పుడు పాస్‌బుక్కులో చివరి అంకె చూచుకొనని వాడు లేడు. ఆ అంకె మళ్లీ బ్యాంకుకు వెళ్లేవరకు మారేది కాదు. అందుచేతనే అది గుర్తుండేది.

ఇప్పుడు చూడండి. 2016 ఏప్రిల్‌లో యూపీఐ అనే చెల్లింపు విధానము మన దేశములో మొదలైనది. ఆ నవంబరు 8న 500, 1,000 నోట్లు రద్దయినాయి. ఏ.టి.ఎం.ల ముందు నిలబడిన ఆ దినములు ఎవరు మరచిపోతారు? ఆ మీదట ఫోన్‌పే, గూగుల్ పే వంటివి పట్టణములలో అలవాటయినాయి. 2020లో కరోనా వచ్చి నోటు ముట్టుకోవడానికే భయపడిన తరువాత పల్లెలకూ వచ్చినాయి. నేడు మా పెనుగంచిప్రోలులో టిఫిన్ బండి, పూలబుట్ట, మున్నేటి ఒడ్డున చేపలమ్మే ఆమె తట్ట, తిరునాళ్లలో బుడగలమ్మే కుర్రవాని కర్ర, దేనికి చూచినా ఒక స్కానర్ అతికించి ఉంటుంది. డబ్బు పడగానే పక్కన ఉన్న డబ్బా గట్టిగా అరచి చెప్తుంది. 2025 ఆగస్టులో ఒక్క నెలలోనే దేశమంతటా యూపీఐ లావాదేవీలు 2,000 కోట్లు దాటినాయి. అందులో మన పది రూపాయల టీ కూడ ఉన్నది.

ఇందులోని మేలును మేము కాదనడము లేదు. చిల్లర లేదని చాక్లెట్ చేతిలో పెట్టే రోజులు పోయినవి. మిరప కోతలకు వచ్చే కూలీలకు ముఠా మేస్త్రి చేతిమీదుగా కాక నేరుగా ఎవరి డబ్బు వారికి పడుతున్నది. హైదరాబాదులో పని చేసే కుమారుడు రాత్రి 10 గంటలకు తల్లికి మందుల డబ్బు పంపగలుగుతున్నాడు. ఇచ్చానన్నవాడు ఇచ్చినట్లు, పుచ్చుకొన్నవాడు పుచ్చుకొన్నట్లు ఋజువు ఉంటున్నది. మేము కూడ వాడుతున్నాము. అయితే ఆ పాస్‌బుక్కు చూచిన తరువాత దీనిని గూర్చి వ్రాయక తప్పదనిపించినది.

అది ఒక సహోదరునిది. ఊరూ పేరూ తెలియకుండ కొన్ని వివరములు మార్చి చెప్తున్నాము. ఆటో నడిపేవాడు. వయస్సు నలుబది దాటినది. ఒక రాత్రి గుండెనొప్పి వచ్చి, నందిగామ చేరకముందే మరణించాడు. సమాధి కార్యక్రమము అయిన రెండు వారములకు అతని భార్య పెద్దకుమారుని వెంటబెట్టుకొని పాస్‌బుక్కుతో మా యింటికి వచ్చినది. "ఏటేటా బ్యాంకులో ఇన్సూరెన్సు డబ్బు పోతున్నది గదా అయ్యగారూ. నాకేమైనా అయితే మీకు రెండు లక్షలు వస్తాయని ఆయన చెప్పేవాడు. ఆ కాగితము నింపి పెట్టండి" అన్నది.

ఆ సహోదరుడు చెప్పినది నిజమే. 2015లో కేంద్ర ప్రభుత్వము పెట్టిన ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమా అది. సంవత్సరమునకు 436 రూపాయలు. మే నెల చివర ఖాతాలోనుండి దానంతట అదే పోతుంది. ఏ కారణముచేత మరణించినా కుటుంబమునకు 2 లక్షలు. దానితోపాటు సురక్షా బీమా అని 20 రూపాయలది ఇంకొకటి ఉన్నది, అది ప్రమాదములకు మాత్రమే.

పాస్‌బుక్కు తిప్పాము. రెండేండ్ల క్రిందటి మే నెలలో 436 ఉన్నది, 20 ఉన్నది. మరుసటి సంవత్సరమూ ఉన్నాయి. ఆఖరి మే నెలకు వచ్చాము. 20 ఉన్నది. 436 లేదు. పైకి చూచాము, క్రిందికి చూచాము, జూన్ అంతా వ్రేలు పెట్టి చూచాము. లేదు. ఆ దినమున ఖాతాలో నిలువ 291 రూపాయలు. అందులో 20 పట్టుకొన్నారు. 436కు చాలలేదు గనుక పాలసీ ఆగిపోయినది.

ఆమె మా ముఖము వైపు చూస్తూ కూర్చున్నది. ఇరువది యేండ్ల పరిచర్యలో మరణవార్త చెప్పవలసి వచ్చిన సందర్భములు అనేకము. ఇది అంతకంటె కష్టముగా ఉండినది.

ఆ రాత్రి ఆ పాస్‌బుక్కు మా దగ్గరే ఉండినది. మే 22 నుండి 31 వరకు ఉన్న వరుసలు లెక్కపెట్టాము. 47. వంద రూపాయలు దాటినవి ఆరు మాత్రమే. మిగిలినవన్నీ 10, 15, 20, 30, 60. సారా దుకాణము పేరు ఎక్కడైనా కనబడుతుందేమోనని మా కన్ను వెదకిన మాట నిజము. సిగ్గుపడుతూ ఒప్పుకొంటున్నాము. లేదు. టీ, టైరుకు పంక్చరు, పిల్లవానికి నోటు పుస్తకము, కూరల పొట్లము, పెట్రోలు 50, పెట్రోలు 100, ఫోను రీఛార్జి. వాటి మధ్యలోనే వచ్చిన డబ్బు కూడ ఉన్నది. ఆటో ఎక్కినవారు పంపిన 20, 30, 50. రోజుకు నాలుగైదుసార్లు కదిలే అంకె ఎవరికి గుర్తుంటుంది? పైగా మే 24న అదే ఖాతాలో 1,900 చిల్లర ఉండినది. అతడు ఆ దినమున చూచుకొని ఉంటే, నెలాఖరుకు 436 ఎక్కడికి పోతుందిలే అనుకొని ఉంటాడు.

నోట్లు ఉన్న దినములలో ఇదే సహోదరుడు సాయంత్రము ఆటో సీటు క్రింద నుండి చిల్లర తీసి బల్ల మీద పోసి లెక్క పెట్టేవాడని అతని కుమారుడు చెప్పాడు. నాన్న లెక్క పెడుతుంటే నాణెములు దొంతరలు పెట్టడము తన పని అట. స్కానర్ అతికించిన తరువాత ఆ అలవాటు పోయినది. లెక్క పెట్టడానికి బల్ల మీద ఏమీ లేదు.

అతని తప్పు అనడము సులువు. అయితే ఈ ఫోను చెల్లింపు జరిగే తీరు కొంచెము గమనించండి. స్కాన్ చేస్తాము, అంకె వేస్తాము, పిన్ కొడతాము, పచ్చని టిక్కు వస్తుంది. ఈ మార్గములో ఎక్కడా "నీ దగ్గర ఇంత ఉన్నది, ఇది తీస్తే ఇంత మిగులుతుంది" అని ముందుగా చెప్పడము లేదు. బ్యాలెన్సు చూడాలంటే వేరే చోటికి వెళ్లాలి, అక్కడ మళ్లీ పిన్ కొట్టాలి. ఖర్చు ఒక ద్వారము, మిగులు ఇంకొక ద్వారము. టీ కొట్టు దగ్గర వెనుక నలుగురు నిలబడి ఉండగా ఆ రెండవ ద్వారము ఎవరు తెరుస్తారు?

ఇంకొక పొరపాటు మన పల్లెలలో బాగా ఉన్నది. "ఫోన్‌పేలో డబ్బులున్నాయి" అంటారు. మన మామూలు చెల్లింపులకు డబ్బు ఫోన్‌పేలో గాని గూగుల్ పేలో గాని ఉండదు. బ్యాంకు ఖాతాలోనే ఉంటుంది. ఈ యాప్‌లు బ్యాంకుకు ఆజ్ఞ చేరవేసే తీగ వంటివి. ఒకే ఖాతాకు రెండు యాప్‌లు పెట్టుకొని, "అందులో అయిపోయినా ఇందులో ఉంటాయిలే" అనుకొన్న ఒక సహోదరిని మేమెరుగుదుము. నవ్వకండి. ఆమె డ్వాక్రా సంఘములో లెక్కలు వ్రాసే మనిషి. కాగితము మీద ఆమెకు పైసా పొరపాటు రాదు.

చదువుకొన్నవారు దీనిని చాలాకాలము క్రిందటే పరిశీలించారు. దిలీప్ సోమన్ అనే పరిశోధకుడు 1990లలో ఒక విశ్వవిద్యాలయపు పుస్తకముల దుకాణము నుండి బయటకు వచ్చే విద్యార్థులను "ఎంత ఖర్చుపెట్టావు?" అని అడిగాడు. నోట్లు ఇచ్చినవారు సరిగా చెప్పినంతగా క్రెడిట్ కార్డు గీకినవారు చెప్పలేకపోయారు. 2001లో ఆయనే ఇంకొకటి చూపించాడు. చెక్కు మీద మొత్తమును స్వహస్తముతో వ్రాసినవానికి ఆ ఖర్చు గుర్తుండి తరువాతి ఖర్చు దగ్గర చెయ్యి ఆగుతుంది, కార్డు గీకినవానికి అంతగా ఆగదు. యూపీఐ అప్పటికి పుట్టనే లేదు. మన దేశములోనైతే ఢిల్లీ ఐఐఐటీ వారు 235 మందిని ప్రశ్నించి 2024లో ఒక అధ్యయనము వెలువరించారు. నూటికి దాదాపు 75 మంది యూపీఐ వచ్చిన తరువాత తమ ఖర్చు పెరిగినదన్నారు. తగ్గినదన్నవారు నూటికి ఏడుగురే. అయినను నూటికి 90కి పైగా దీనితో సంతృప్తిగా ఉన్నామనే చెప్పారు. 235 మంది అంటే పెద్ద సంఖ్య కాదు. మా సంఘములో అడిగితే కూడ ఇంచుమించు అదే జవాబు వస్తుందని మా అనుమానము.

ఇంతకూ మేమేమో గొప్ప లెక్కగాళ్లమని అనుకోకండి. మా అమ్మాయి కాలేజీ ఫీజు కట్టడానికి విజయవాడ వెళ్లినప్పుడు, ఖాతాలో 11,000 ఉన్నవని ధైర్యముగా 9,500కు స్కాన్ చేశాము. డబ్బు చాలదని వచ్చినది. రెండవసారి కొట్టాము. అదే వచ్చినది. సిగ్నలు లేదేమోనని కిటికీ దగ్గరకు వెళ్లి కొట్టాము. వెనుక ఉన్న తండ్రులు గడియారములు చూచుకొంటున్నారు. అమ్మాయి తల వంచుకొని నిలబడినది. చివరకు అమ్మగారు తన పర్సులో ఐదారు మడతలు పెట్టి దాచిన నోట్లు తీసి, తక్కువ పడినది సర్దినది. ఆ డబ్బు ఎందుకు దాచినదో మాకు నేటివరకు చెప్పలేదు, మేమూ అడగలేదు. తిరుగు బస్సులో, జగ్గయ్యపేట రోడ్డు పొడుగునా, ఆ 11,000 ఎప్పటి అంకె అని ఆలోచించాము. పదునెనిమిది దినముల క్రిందట చూచిన అంకె అది. మన మనస్సు పాత అంకెను పట్టుకొని కూర్చుంటుంది. ఖాతా మాత్రము ముందుకు వెళ్లిపోతుంది.

ఇక స్త్రీల ఖాతాల సంగతి. మేము ఇండ్లు దర్శించేటప్పుడు ఎక్కువగా బాధ కలిగించేది ఇదే. డ్వాక్రా ఖాతా ఆమె పేర ఉంటుంది. ఉపాధి పని కూలి ఆమె ఖాతాలోనే పడుతుంది. 2025 జూన్‌లో తల్లికి వందనము డబ్బు, పిల్లవానికి 13,000 చొప్పున, తల్లుల ఖాతాలలోనే పడినది. అయితే ఆ ఖాతాకు జతచేసిన సిమ్ము ఎవరి ఫోనులో ఉన్నది? భర్త ఫోనులోనో, కుమారుని ఫోనులోనో. మెసేజ్ వారికే వస్తుంది, పిన్ వారికే తెలుసు. ఆమె బ్యాంకుకు వెళ్లి వేలిముద్ర వేసినప్పుడే తన డబ్బు ఎంత మిగిలినదో తెలుసుకొంటున్నది. ఒక తల్లి డ్వాక్రా వాయిదా కట్టడానికి 2,000 తేవడానికి వెళితే, కుమారుడు ఫోనులో ఆట ఆడుతూ దానిలో ఏవో కొన్నందువల్ల 600 మాత్రమే ఉన్నవి. సంఘము ఎదుట ఆమె మాట పోయినది. పదిమంది ఆడవారి ముందు మాట పోవడము అంటే ఏమిటో మన పల్లె స్త్రీలను అడగండి. వాడు చెడ్డవాడేమీ కాదు. తల్లి డబ్బు దొంగిలించుచున్నాననే తలంపే వానికి లేదు. పోపుల డబ్బాలో నుండి 1,400 తీయాలంటే వాని చెయ్యి వణికేది.

అందుచేత మేము దర్శించిన ఇండ్లలో మొదట అడుగుతున్నది ఒక్కటే. అమ్మ ఖాతా మెసేజ్ అమ్మ చేతిలోని ఫోనుకు వస్తున్నదా? చిన్న బటన్ల ఫోను అయినా చాలు. స్టార్ 99 హ్యాష్ అనే సదుపాయముతో ఇంటర్నెట్టు లేని ఫోనులో కూడ, యూపీఐకి నమోదైన ఖాతా బ్యాలెన్సు చూచుకొనవచ్చును. పిల్లలకు ఖర్చు ఇవ్వవలసి ఉంటే పిన్ చెప్పవద్దు. 2024లో యూపీఐ సర్కిల్ అని వచ్చినది, అందులో ఖాతా పెద్దవారిదే ఉండి, పిల్లలు నెలకు మనము పెట్టిన హద్దు లోపలే వాడగలరు. హద్దు 15,000 దాటనివ్వరు. మనము 500 అని పెట్టినా ఎవరూ కాదనరు.

మెసేజ్‌ల మీదనే పూర్తిగా ఆధారపడవచ్చునా అంటే అదీ కాదు. హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు 2024 జూన్ 25 నుండి 100 రూపాయలలోపు యూపీఐ చెల్లింపులకు ఎస్‌ఎమ్‌ఎస్ పంపడము మానివేసినది. మన ఖాతాను ఖాళీ చేసేవి ఆ వందలోపువే అని పైన చూచాము గదా. యూపీఐ లైట్ అని ఇంకొకటి ఉన్నది. ఫోనులోనే 5,000 వరకు వేరుగా పెట్టుకొని, ఒక్కొక్కసారి 1,000 వరకు పిన్ లేకుండ ఖర్చు పెట్టవచ్చును. అందులోని చిన్న ఖర్చులు పాస్‌బుక్కులో పడవు, లైట్‌లోకి పంపిన మొత్తము ఒక్కటే పడుతుంది. దీనిని కొందరు దోషమంటారు. మాకైతే ఇది మన పాత చొక్కాజేబు వలె కనబడుతున్నది. వారమునకు 500 దానిలో వేసుకొని, అయిపోతే మరల వారమువరకు వేయనివానికి అది మేలే చేస్తుంది. అయిపోయిన ప్రతిసారి దానంతట అదే నిండేటట్లు పెట్టుకొన్నవానికి మాత్రము జేబుకు చిల్లు ఉన్నట్లే.

ఒక మంచి మార్పు కూడ వచ్చినది. యూపీఐని నడిపే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వారు 2025 ఆగస్టు 1 నుండి కొన్ని క్రొత్త నియమములు పెట్టారు. చెల్లింపు అయిన ప్రతిసారి మిగిలిన బ్యాలెన్సు కూడ తెలియజేయమని బ్యాంకులకు చెప్పారు. అదే నియమములలో, ఒక యాప్‌లో దినమునకు 50 సార్లకు మించి బ్యాలెన్సు చూడకూడదని హద్దు పెట్టారు. ఇది చదివి అమ్మగారు చాలాసేపు నవ్వినది. మేము వారమునకు ఒక్కసారి చూడండని బ్రతిమాలుతుంటే, పట్టణములలో 50 సార్లు చూచేవారు కూడ ఉన్నారన్నమాట!

మిగిలిన బ్యాలెన్సు తెరమీద కనబడినా, అదంతా మనది కాదు. ఈ మాట మా సంఘములో మేము ఎక్కువగా చెప్తున్నాము. కౌలు రైతు ఖాతాలో మిరప అమ్మిన 80,000 కనబడుతుంది. అందులో పురుగుమందుల కొట్టుకు 35,000 ఉన్నది, కౌలు ఉన్నది, కోతకూలి బాకీ ఉన్నది. నోట్ల రోజులలో ఇంటికి రాగానే వేరువేరు కట్టలు కట్టి, రబ్బరు బ్యాండు వేసి, ఒక్కొక్క కట్ట మీద పేరు వ్రాసి పెట్టెలో పెట్టేవారు. ఖాతాలో అన్నీ ఒకటే కుప్ప. ఆ కుప్పను చూచి మనిషి తాను ధనవంతుడననుకొని క్రొత్త ఫోను కొంటాడు. లూకా సువార్త 15వ అధ్యాయములోని ఆ స్త్రీని తలచుకోండి. పది నాణెములలో ఒకటి పోయినదని ఆమెకు ఎలా తెలిసినది? లెక్కపెట్టుకొన్నది గనుక. దీపము వెలిగించి ఊడ్చినది ఆ తరువాత సంగతి.

మా సంఘములోని కుటుంబములు ఎవరికి తోచినది వారు చేస్తున్నారు. ఒక రైతు దంపతులు రెండవ ఖాతా తెరచి, దానికి ఏ యాప్ జతచేయలేదు. బాకీల డబ్బు అందులో వేసి ఉంచుతున్నారు. ఒక టైలరు సహోదరి కుట్టుమిషను సొరుగులో చిన్న పుస్తకము పెట్టుకొన్నది, ఖర్చులు కాదు, రాత్రి మిగిలిన అంకె ఒక్కటే వ్రాస్తున్నది. ఖర్చులన్నీ వ్రాయబోయి మూడు దినములకే మానివేసిన అనుభవము ఆమెకు ఉన్నది. మాకూ ఉన్నది. ఒక్క అంకె అయితే నిలిచినది. ఒక యౌవనస్థుడు యాప్‌నే తీసివేసి నోట్లకు మరలినాడు. అతనిని మేము పొగడలేదు, కాదనలేదు. 2024 సెప్టెంబరు మొదట్లో మున్నేరు పొంగి ఊరిలోకి వచ్చినప్పుడు ఇంట్లో నాలుగు నోట్లు ఉంచుకొన్నవారి అవసరము తెలిసినది గనుక, ఎంతో కొంత నోటు చేతిలో ఉండడము మంచిదే.

మీలో జీవనజ్యోతి బీమా ఉన్నవారు ఈ పేజీ చదివిన తరువాత పాస్‌బుక్కు ప్రింటు చేయించుకొని, ఈ సంవత్సరము 436 పోయినదో లేదో చూడండి. పోకపోతే భయపడవద్దు. నడుమ సంవత్సరములో కూడ చేరవచ్చును. సెప్టెంబరు నుండి నవంబరు లోపు చేరితే 342, డిసెంబరు నుండి ఫిబ్రవరి వరకు 228, మార్చి నుండి మే వరకు 114 కట్టాలి. అయితే క్రొత్తగా చేరిన మొదటి 30 దినములలో ప్రమాదములో తప్ప వేరు విధముగా మరణిస్తే డబ్బు రాదు. ఆ సహోదరుని సంగతి మే నెలకు, అతని మరణమునకు మధ్య ఎవరైనా గమనించి ఉంటే సరిచేసుకొనడానికి నెలలు ఉండినవి. ఆ నెలలలో మేము ఆ యింటిలో రెండుసార్లు భోజనము చేశాము.

అతని భార్య ఇప్పుడు పాఠశాలలో మధ్యాహ్న భోజనము వండుతున్నది. ఆమె పేర ఆ రెండు బీమాలూ ఉన్నాయి. మే నెల చివర ఒక సాయంత్రము ప్రార్థనకు వారింటికి వెళ్లాము. గోడ మీద సంఘము వారు ఇచ్చిన క్యాలెండరు ఉన్నది. 25వ తేదీ చుట్టూ ఎర్ర పెన్సిలుతో సున్న చుట్టి ఉన్నది. ప్రతి గడిలోను చిన్న అంకెలు ఉన్నాయి. ప్రార్థన అయిన తరువాత ఆమె పొయ్యి దగ్గర నుండే కుమారుని కేకవేసి బ్యాలెన్సు ఎంత ఉన్నదో చూడమన్నది. వాడు ఫోను తీసి, పిన్ కొట్టి, "2,140 అమ్మా" అన్నాడు.

"అందులో 456 మనవి కావు గదరా. తీసేసి చెప్పు" అన్నది.

వాడు వ్రేళ్ల మీద లెక్కవేసుకొని, పెన్సిలు తీసుకొని, క్యాలెండరు దగ్గరకు వెళ్లాడు.